రేకు పెట్టె

పదిహేడేళ్లు ఆ మట్టిరోడ్డు మీద ఉత్తరాలు మోశాను.
నూట నాలుగు మైళ్లు, డెబ్బై రెండు పెట్టెలు.
ఏ కుక్క కరుస్తుందో, ఎవరి కరెంటు బిల్లు
ఎర్ర కాగితంలో వస్తుందో నాకు తెలుసు.
ఏ గజం నేల ఎవరి చట్టానిదో మాత్రం
ఆ మార్చి వరకూ తెలీదు.

డార్లీన్ టూ ఎల్క్ పెట్టె
మెడ విరిగిన కొంగలా గుంజకి వేలాడుతోంది.
లోపల విత్తనాల కేటలాగు, మంచుకి నాని ఉబ్బి.
ఆమె గుమ్మంలో నిలబడి
ఎడమ చేత్తో కుడి ముంజేతిని
చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది.
"పారతో కొట్టాడు" అంది.
దేన్ని అని నేనడగలేదు.

వాడి పేరు గ్యారెట్ స్లోకమ్. తెల్లవాడు.
నాలుగేళ్లు ఆమె వండిందే తిన్నాడు.

షెరీఫ్ మనిషి కారు దిగకుండానే మూడు ప్రశ్నలడిగాడు:
నువ్వు ఇండియన్‌వా? వాడు ఇండియనా?
ఈ నేల ట్రస్టుదా, ఎవరైనా కొన్నదా?
చెయ్యి గురించి నాలుగో ప్రశ్న లేదు.
తర్వాత దిగి, బానెట్ మీద మ్యాపు పరిచాడు.
అంతా చదరంగం బల్ల:
ఎవరి తాతో అమ్ముకున్న గడి, పక్కనే అమ్ముకోని గడి.
వేలు పెట్టి వెతికి "మాది కాదు" అన్నాడు,
బరువు దింపుకున్నవాడిలా.

తెగ పోలీసు ఎమెట్ గ్రే బుల్, ఆమె మేనమామ కొడుకు,
రాత్రి వేసిన సంకెళ్లు పొద్దున్నే తీశాడు.
తెల్లవాణ్ణి విచారించే అధికారం
ఆ రోజుల్లో తెగ కోర్టుకి లేదు,
సొంత నేల మీద, సొంత ఆడబిడ్డ కోసమైనా.
ఎమెట్ ఆ సంకెళ్లను చాలాసేపు గుడ్డతో తుడిచాడు.

మరెవరిది?
ఫెడరల్ వాళ్లది. వాళ్లుండేది నూట ఎనభై మైళ్ల అవతల.
ఫైలు వెళ్లింది. జవాబు నా సంచిలోనే వచ్చింది.
వెయ్యడానికి పెట్టె లేదు కనుక
ఆమె ఎడమ చేతికిచ్చాను.
"విచారణకు స్వీకరించడం లేదు."
ఒక వాక్యం, ఒక సంతకం,
కింద మా శీతాకాలమంత తెలుపు.

గట్టు తగాదాల్లో
నేల నాదంటే నాదని తలలు పగలగొట్టుకుంటారు.
ఇక్కడ మూడు ప్రభుత్వాలు
నాది కాదంటే నాది కాదని మర్యాదగా తప్పుకున్నాయి.

నేను చేసిందల్లా ఒక ఫారం నింపడం.
పాడైన పెట్టెలకు మాకో ఫారం ఉంటుంది.
పెట్టె: రేకుది, మధ్యరకం.
నష్టం: పూర్తిగా.
దేనితో: పార.
ట్రస్టు నేలా, కొన్న నేలా అని అడిగే గడి
అందులో లేదు. రెండుసార్లు చూశాను.

పదకొండో రోజున పోస్టల్ ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది,
కెమెరాతో, కొలత టేపుతో.
పెట్టె సొట్టను అంగుళాల్లో రాసుకుంది. ఎనిమిదిన్నర.
అప్పుడు గుమ్మంలో కట్టు కట్టిన చెయ్యి కనిపించింది.
"అదే పారా?"
"అదే."
టేపు చుట్టడం మరిచిపోయింది.

సెప్టెంబర్లో ర్యాపిడ్ సిటీ, ఫెడరల్ కోర్టు.
ఫిర్యాది: యునైటెడ్ స్టేట్స్.
రేకు డబ్బా కోసం ఒక దేశం దేశమంతా లేచి నిలబడింది.
బల్ల మీద చీటీ కట్టిన పెట్టె.
"ఆ రోజు ఏం విరిగిందో చెప్పండి" అన్నాడు ప్రాసిక్యూటరు.
"ముందు ఇది" అని డార్లీన్
వంకరగా అతుక్కున్న చేతిని పెట్టె పక్కన పెట్టింది.
అవతలి లాయరు లేచాడు: సంబంధం లేని విషయం.
జడ్జి కళ్లద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు.
"నిజమే. సంబంధం లేదు" అన్నాడు, సగం గొంతుతో.
చెయ్యి తియ్యమని మాత్రం అనలేదు.
ఆమె తియ్యలేదు.

వాడికి ఏడు నెలలు పడింది.
రేకుకి.

కొత్త పెట్టె నేనే పాతాను, సిమెంటు పోసి.
ఆమె ఎడమ చేత్తో పేరు రాసుకుంది,
అక్షరాలన్నీ గాలికి ఒరిగిన గడ్డి.
మర్నాడు వెళ్తే ఎర్రజెండా లేచి ఉంది:
తీసుకెళ్లాల్సిన ఉత్తరం ఉందని.
పెద్ద కవరు. "విచారణకు స్వీకరించడం లేదు" అన్న
ఆ ఆఫీసు చిరునామాకే.
లోపలేముందో నేను చూడకూడదు, అది చట్టం.
కానీ మోసే చేతికి తెలుస్తుంది కదా:
పలచగా, బిరుసుగా, కదిలిస్తే చిన్నగా ఉరుముతూ,
ఎక్స్‌రే ఫిల్ములా.
పైన పెద్ద అక్షరాలతో
మడవకండి అని ఉంది.